రొమ్ము ఉంచడమా, తీసెయ్యడమా: ఆంకోప్లాస్టిక్ సర్జరీ వచ్చాక మారిన లెక్కలు

ఇద్దరు మహిళలను ఊహించుకుందాం. ఇద్దరికీ మూడు సెంటీమీటర్ల గడ్డ. బయాప్సీ రిపోర్టుల్లో ఇద్దరిదీ ఒకే రకం క్యాన్సర్, ఒకే గ్రేడు. ఒకామెకు డాక్టరు "గడ్డ వరకే తీద్దాం, రొమ్ము ఉంటుంది" అన్నారు. రెండో ఆమెకు మాత్రం "రొమ్ము మొత్తం తీసెయ్యడమే మేలు" అన్నారు. ఆమె ఇంకో ఆసుపత్రికి వెళ్తే అక్కడ మూడో మాట వినిపించింది: "ఆంకోప్లాస్టీ చేస్తే ఉంచొచ్చు." అంటే గడ్డ తీసి, ఆ ఖాళీని అదే ఆపరేషన్‌లో ప్లాస్టిక్ సర్జరీ పద్ధతులతో సరిచేయడం. ఇంటికొచ్చాక ఎవరికి తోచింది వాళ్లు అంటారు. తీసెయ్యాలన్న డాక్టరుకు చేతకాదేమో, రెండో ఆసుపత్రి వాళ్లు బిల్లు కోసం చెప్తున్నారేమో, అసలు ప్రాణం మీదికొస్తే అందం గొడవెందుకు?

ముగ్గురు డాక్టర్లూ నిజమే చెప్పి ఉండొచ్చు. అదెలాగో అర్థం కావాలంటే గడ్డ సైజు ఒక్కటే చూస్తే సరిపోదు. రొమ్ము సైజు, గడ్డ ఉన్న చోటు, తర్వాత పెట్టే రేడియేషన్, ఆపరేషన్ చేసే చేతులు కూడా చూడాలి.

మొత్తం తీసెయ్యడం వెనక ఉన్న తర్కం

"మొత్తం తీయించేసుకుంటే పీడ విరగడైపోతుంది" అన్న మాట మన ఇళ్లలో సహజంగా వస్తుంది. దాన్ని అమాయకత్వమని కొట్టిపారేయలేం. దాదాపు ఎనభై ఏళ్లపాటు పేరుమోసిన సర్జన్లు కూడా నమ్మింది అదే. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894లో 50 మంది రోగుల ఫలితాలు ప్రచురించాడు. ఆయన చేసే ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు దాని కింద ఉండే ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు అన్నీ పోయేవి. పక్కటెముకలు చర్మం కింద తేలి కనిపించేవి, చాలామందికి చెయ్యి వాచిపోయేది. అయినా ఆయన లెక్క ఆయనకుంది. క్యాన్సర్ ఒకచోట పుట్టి పక్కకి, అక్కణ్నుంచి చంకలోకి, ఆ తర్వాతే ఒంట్లోకి వరసగా పాకుతుందని ఆయన నమ్మకం. అలా అనుకున్నప్పుడు ఎంత వెడల్పుగా కోస్తే అంత మేలు కదా.

పిట్స్‌బర్గ్‌లో పనిచేసిన బెర్నార్డ్ ఫిషర్ ఆ వరసనే అనుమానించాడు. క్యాన్సర్ కణాలు రక్తంలో పడి మొదట్లోనే దూరం వెళ్లిపోగలవనీ, రోగి బతుకుతుందా లేదా అన్నది అలా వెళ్లిపోయిన కణాల దగ్గర తేలుతుందనీ, రొమ్ములో ఎంత వెడల్పుగా కోశామన్న దాని మీద కాదనీ ఆయన వాదన. వాదించి ఊరుకోకుండా 1976లో బీ-06 అనే ట్రయల్ మొదలుపెట్టాడు. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న మహిళలను చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు: మొత్తం రొమ్ము తీసినవాళ్లు, గడ్డ మాత్రమే తీసినవాళ్లు, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లు. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసీ 1973లోనే ఇలాంటి ట్రయల్ ప్రారంభించాడు. అందులో 701 మందికి రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలు.

ఈ రెండింటి ఇరవై ఏళ్ల ఫలితాలూ 2002లో ఒకే వైద్య పత్రికలో, ఒకే సంచికలో వచ్చాయి. రొమ్ము ఉంచినా తీసినా, ఎంతమంది బతికారన్న దాంట్లో తేడా లేదు. రెండు ఖండాల్లోనూ ఇదే తేలింది.

బీ-06కు ఒక మచ్చ ఉంది, దాచాల్సిన పని లేదు. మాంట్రియల్‌లోని ఒక సర్జన్ తన రోగుల రికార్డులు కొన్ని దిద్దాడని 1990లలో బయటపడింది. పెద్ద దుమారం లేచింది. ఆ ఆసుపత్రి రోగులందర్నీ తీసేసి లెక్క మళ్లీ వేశారు. ఫలితం మారలేదు.

అదే రొమ్ములో తిరిగి రావడం వేరు, ప్రాణాపాయం వేరు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. బీ-06లో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో ఇరవై ఏళ్లలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సర్ మళ్లీ వచ్చింది. రేడియేషన్ ఇచ్చినవాళ్లలో అది 14.3 శాతం. మిలాన్‌లో రొమ్ము ఉంచిన గుంపులో 8.8 శాతం మందికి అక్కడే తిరిగి వస్తే, తీసేసినవాళ్లలో ఆ చోట వచ్చింది 2.3 శాతం మందికి. అంటే "ఉంచితే అక్కడే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ" అన్న మాట అబద్ధం కాదు. "అయినా ఆయుష్షులో తేడా రాలేదు" అన్నదీ అబద్ధం కాదు. రొమ్ములో తిరిగొచ్చిన గడ్డను ముందే పట్టుకుని తీసేస్తే చాలామంది బతికి బయటపడతారు. లివర్‌కో ఎముకలకో పాకిన కణాలను రొమ్ము తీసెయ్యడం ఆపలేదు. వాటి పని పట్టాల్సింది కీమో, హార్మోను మాత్రలు, ఇతర మందులు.

అయితే ఫిషర్ చెప్పినదే పూర్తి సత్యమని కూడా అనలేం. 17 ట్రయల్స్‌లోని 10,801 మంది వివరాలు కలిపి 2011లో ఒక విశ్లేషణ వచ్చింది. గడ్డ తీశాక రేడియేషన్ ఇస్తే పదేళ్లలో క్యాన్సర్ తిరిగి రావడం 35 శాతం నుంచి 19.3 శాతానికి దిగింది. పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు కూడా 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గాయి. సుమారుగా నాలుగు పునరాగమనాలను ఆపితే ఒక ప్రాణం నిలిచిందన్నమాట. రొమ్ములో మిగిలిపోయిన కణాలను పట్టించుకోకపోతే కొందరి విషయంలో అవే ప్రాణం మీదికి తెస్తాయి.

కాబట్టి రొమ్మును కాపాడే చికిత్స అంటే చిన్న ఆపరేషన్ అని కాదు, ఆపరేషనూ రేడియేషనూ కలిపి ఒకే చికిత్స. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనే ఆ రెండో సగం పూర్తి కాకపోతే మొదటి సగానికి చెప్పిన భరోసా వర్తించదు. వయసు పైబడిన, తక్కువ ప్రమాదం ఉన్న కొందరిలో రేడియేషన్ మానొచ్చా అన్నదాని మీద వేరే పరిశోధనలున్నాయి. అది మినహాయింపు.

ఒకే గడ్డ, రెండు రొమ్ములు: అంకెల్లో చూస్తే

గడ్డను సెంటీమీటర్లలో చెప్పడం అలవాటు. సర్జన్ కోసేది మాత్రం ఒక గీతను కాదు, ఒక ఉండను. పైగా గడ్డ ఒక్కటే తీయరు. చుట్టూ అన్ని వైపులా కొంత మంచి కండ కలిపి తీస్తారు. లెక్క కోసం ఆ అంచు ఒక సెంటీమీటరు అనుకుందాం.

రెండు సెంటీమీటర్ల గడ్డకు అటొకటి ఇటొకటి కలిపితే నాలుగు సెంటీమీటర్ల ఉండ. దాని పరిమాణం దాదాపు 34 మిల్లీలీటర్లు. మూడు సెంటీమీటర్ల గడ్డ అయితే ఉండ ఐదు సెంటీమీటర్లు, పరిమాణం 65. నాలుగు సెంటీమీటర్లకు ఆరు, పరిమాణం 113. గడ్డ వెడల్పు రెట్టింపైతే తీయాల్సిన కండ మూడు రెట్లు దాటిపోయింది.

ఇప్పుడు ఒక రొమ్ము 300 మిల్లీలీటర్లు, ఇంకోటి 800 అనుకోండి. మూడు సెంటీమీటర్ల గడ్డ తీస్తే మొదటిదాంట్లో 22 శాతం పోతుంది, రెండోదాంట్లో 8 శాతమే. నాలుగు సెంటీమీటర్ల గడ్డకు చిన్న రొమ్ములో 38 శాతం, పెద్దదాంట్లో 14 శాతం.

ఈ శాతాలు ఎందుకంటే, పారిస్ సర్జన్ కృష్ణ క్లఫ్ బృందం 2010లో ప్రతిపాదించిన వర్గీకరణ సరిగ్గా వీటి మీదే నిలబడింది. తీసే భాగం 20 శాతం లోపుంటే మామూలు పద్ధతిలోనే లోపలి కండను దగ్గరికి లాగి కుడితే సరిపోతుంది. అది మొదటి స్థాయి. 20 నుంచి 50 శాతం మధ్య అయితే చర్మం కూడా కొంత తీసి, రొమ్ము ఆకారాన్నే మళ్లీ మలచాలి. అది రెండో స్థాయి. సగానికి మించితే మిగిలిన కండతో పని జరగదు, రొమ్ము బయటి నుంచి తేవాలి. ఈ గీతలు గీసినంత గట్టివేమీ కావు. 19 శాతానికీ 21 శాతానికీ మధ్య గోడ లేదు. కానీ ఒక ఆసుపత్రి "ఉంచొచ్చు" అనీ, ఇంకోటి "ఉంచలేం" అనీ ఎందుకంటాయో తెలియడానికి ఇంతకన్నా సూటి దారి నాకు కనిపించలేదు. మామూలు లంపెక్టమీ (గడ్డ వరకే తీసే ఆపరేషన్) మాత్రమే చేసే సర్జన్‌కు 38 శాతం అంటే రొమ్ము తీసెయ్యడమే. రెండో స్థాయి పద్ధతులు చేతిలో ఉన్న సర్జన్‌కు అది చేయదగ్గ పని.

ముందుగా కీమో ఇవ్వడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల గడ్డ మందులతో రెండుకు కుంచించుకుపోతే తీయాల్సింది 113 నుంచి 34కి దిగుతుంది. చిన్న రొమ్ములోనూ అది 11 శాతమే. అన్ని గడ్డలూ ఇలా కుంచించుకుపోవు. హర్-2 పాజిటివ్ (హర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండేవి), ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్ల మీదా హర్-2 మీదా ఆధారపడనివి) రకాలు ఎక్కువగా కరుగుతాయి, హార్మోన్ల మీద ఆధారపడే రకాలు తక్కువ. కొన్ని మధ్యలో ఒక ఉండలా తగ్గకుండా అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా మిగులుతాయి. అప్పుడు స్కానులో చిన్నగా కనిపించినా తీయాల్సిన చోటు తగ్గదు. గడ్డ పూర్తిగా మాయమైతే ఇంకో చిక్కు: సర్జన్ ఎక్కడ కోయాలి? అందుకే కీమో మొదలవకముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెడతారు.

గడ్డ ఏ వైపున ఉంది

రొమ్ములో చంక వైపు పైభాగంలో కండ ఎక్కువ. అక్కడ కొంత పోయినా ఖాళీ అంతగా తెలియదు. కింది భాగంలో అలా కాదు. అక్కడ తీసి కుట్టేస్తే, రేడియేషన్ తర్వాత చర్మం ముడుచుకుని నిపుల్ కిందికి వంగిపోతుంది. సర్జన్లు దీన్ని పక్షి ముక్కుతో పోలుస్తారు. పైన లోపలి వైపు, అంటే మెడ కింద జాకెట్టు అంచు దగ్గర, కొంచెం తీసినా గుంట బయటికి కనిపిస్తుంది.

రొమ్ములో కొవ్వు ఎంత, గ్రంథి కండ ఎంత అన్నదీ చూడాలి. గ్రంథి కండ దట్టంగా ఉంటే చర్మం నుంచి విడదీసి అటూ ఇటూ జరిపినా దానికి రక్తం అందుతుంది. కొవ్వే ఎక్కువైతే అలా జరిపిన చోట కొవ్వు చచ్చిపోయి గట్టి గడ్డలా తయారవుతుంది. తర్వాతెప్పుడో చేతికి తగిలి, క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసేది తరచుగా ఇదే.

ఆపరేషన్ బల్ల మీద ఏం జరుగుతుంది

ఆంకోప్లాస్టిక్ అన్న పేరును 1990లలో ప్రచారంలోకి తెచ్చింది జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ సర్జన్ వెర్నర్ ఆడ్రెచ్. క్యాన్సర్‌ను క్యాన్సర్ సర్జరీ నియమాల ప్రకారమే తీయడం, ఏర్పడిన ఖాళీని అదే మత్తులో ప్లాస్టిక్ సర్జరీ పద్ధతులతో సరిచేయడం: ఆలోచన ఇంతే. ఇందులో రెండు దారులున్నాయి.

ఒకటి, ఉన్న కండనే సర్దడం. రొమ్ము పెద్దగా, కొంచెం జారి ఉన్నవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. బరువైన రొమ్ములను తగ్గించడానికి ప్లాస్టిక్ సర్జన్లు చేసే ఆపరేషన్‌నే ఇక్కడ వాడతారు. తీసేయాలనుకున్న భాగంలోనే గడ్డ ఉండేలా కోత గీస్తారు. రొమ్ము చిన్నదవుతుంది, పైకి లేస్తుంది, ఆకారం నిలుస్తుంది. 800 మిల్లీలీటర్ల రొమ్ములో 200 దాకా తీసినా చూపుకు లోటు తెలియకపోవచ్చు. అంటే గడ్డ చుట్టూ అంచు కూడా ఉదారంగా తీసుకోవచ్చు. మెడ నొప్పి, భుజాల మీద స్ట్రాపుల ఒరిపిడి తగ్గిందని చెప్పేవాళ్లూ ఉంటారు. చిన్న గడ్డలకు నిపుల్ చుట్టూ గుండ్రంగా రెండు వలయాలు కోసి, మధ్య చర్మం తీసి, ఆ దారిలోనే గడ్డను బయటికి తెచ్చే పద్ధతి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ బెనెల్లీ పేరుతో దాన్ని పిలుస్తారు. మచ్చ నిపుల్ అంచులో కలిసిపోతుంది.

రెండోది, బయటి నుంచి కండ తేవడం. రొమ్ము చిన్నదై జరపడానికి కండ లేనప్పుడు ఇదే దారి. వెనకటికి వీపు కండరాన్ని తిప్పి తెచ్చేవారు. ఇప్పుడు కండరాన్ని ముట్టుకోకుండా, చంక కింద పక్కటెముకల వైపు ఉండే చర్మాన్నీ కొవ్వునూ వాటికి రక్తం తెచ్చే సన్నని నాళంతో సహా తిప్పి ఖాళీలో నింపుతున్నారు. మచ్చ బ్రా పట్టీ కింద, చెయ్యి దించితే కనిపించని చోట ఉంటుంది. నాళాన్ని తెంపి మళ్లీ అతికించే పని లేదు కాబట్టి మైక్రోస్కోపు అక్కర్లేదు. సన్నని నాళాన్ని వెతికి పట్టుకోవడానికి రక్తం పారే చప్పుడును పట్టే చిన్న డాప్లర్ యంత్రం చాలు. చిన్న రొమ్ములున్నవాళ్లకు ఇది నిజంగా కొత్త దారి తెరిచింది.

చంక సంగతి వేరు. అక్కడి గ్రంథులు ఎన్ని తీయాలన్నది రొమ్ము ఉంచడం, తీయడం ఒక్కదానితోనే తేలేది కాదు. రొమ్ము ఉంచినా చాలామందికి చంక పరీక్ష తప్పదు.

అంచుల దగ్గర అసలు చిక్కు

తీసిన ముక్కకు పైనుంచి సిరా పూస్తారు. ఏ వైపు ఏదో తెలిసేలా దారాలో క్లిప్పులో గుర్తులు పెడతారు. ప్యాథాలజిస్టు దాన్ని కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. సిరా ఉన్న చోట క్యాన్సర్ కణం కనిపిస్తే, అది కోత అంచు దాకా వచ్చిందనీ, లోపల మిగిలిపోయి ఉండొచ్చనీ అర్థం. అంచు ఎంత ఉండాలన్నదానిపై సర్జన్లు ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. ఐదు మిల్లీమీటర్లన్న వాళ్లూ, పది అన్నవాళ్లూ ఉన్నారు. 2014లో అమెరికాలోని సర్జన్లు, రేడియేషన్ నిపుణుల సంఘాలు కలిసి ఒక మాటకొచ్చాయి: పక్కకు పాకే రకం క్యాన్సర్‌కు సిరా మీద కణం లేకపోతే చాలు, అంతకు మించి వెడల్పు పెంచినా అదనపు లాభం లేదు. పాల నాళాల్లోనే ఉండిపోయిన తొలిదశ క్యాన్సర్‌కు మాత్రం 2016లో రెండు మిల్లీమీటర్లు నిర్ణయించారు. నాళాల్లో అది మధ్యమధ్య ఖాళీలు వదిలి దూకుతూ పోతుంది కాబట్టి ఈ జాగ్రత్త. సర్జన్ కంటితో చూసి సెంటీమీటరు వదిలి కోయడం, మైక్రోస్కోపు కింద సిరా శుభ్రంగా ఉండేందుకే.

మామూలు లంపెక్టమీలో అంచు శుభ్రంగా రాకపోతే వారం పది రోజుల తర్వాత అదే గుంట తెరిచి ఇంకొంచెం తీస్తారు. ఆంకోప్లాస్టీలో ఆ గుంట ఉండదు. పైది కిందికి, పక్కది మధ్యకి చేరిపోయింది. మిగిలిన కణాలు ఇప్పుడెక్కడున్నాయో చెప్పడం కష్టం. అందుకే కొన్నిసార్లు రొమ్ము మొత్తం తీయక తప్పదు. ఈ ప్రమాదాన్ని తగ్గించడానికి ముక్కను థియేటర్‌లోనే ఎక్స్-రే తీయడం, ఫ్రోజన్ సెక్షన్‌తో, అంటే ముక్కను గడ్డకట్టించి మైక్రోస్కోపు కింద, అక్కడికక్కడే చూడడం, గుంట గోడల నుంచి అదనంగా పలుచని పొరలు తీసి పంపడం వంటివి చేస్తారు. కొన్నిచోట్ల ముందు గడ్డ తీసి, రిపోర్టు వచ్చాక రెండో విడతలో ఆకారం సరిచేస్తారు.

రేడియేషన్ డాక్టరుకూ ఇదే తలనొప్పి. మొత్తం రొమ్ముకు ఇచ్చే డోసు తర్వాత గడ్డ ఉన్న చోటికి కొంత అదనంగా ఇవ్వడం రివాజు. కండ అటూ ఇటూ మారిపోయాక ఆ చోటు ఏది? సర్జన్ కండను జరపకముందే గుంట గోడలకు టైటానియం క్లిప్పులు బిగిస్తే తర్వాత సీటీలో కొంతవరకు కనిపెట్టొచ్చు. బిగించకపోతే అంచనాయే. ఇద్దరు డాక్టర్లూ ముందే మాట్లాడుకున్న ఆసుపత్రికీ, ఫైలు చేతికిచ్చి పంపేసే ఆసుపత్రికీ తేడా తెలిసేది ఇక్కడ.

రుజువుల బలమెంత

ఆంకోప్లాస్టీ మీద ఉత్సాహం ఎంత ఉందో, పెద్ద ట్రయల్స్ అంత లేవు. ఫిషర్, వెరొనేసీ చేసినట్టు చీటీలు తీసి, సగం మందికి మామూలు లంపెక్టమీ, సగం మందికి ఆంకోప్లాస్టీ చేసి ఇరవై ఏళ్లు చూసినవారు లేరు. ఉన్నవి ఎక్కువగా ఆసుపత్రులు తమ రికార్డులు తిరగేసి రాసినవి. అలాంటి అధ్యయనాలను కలిపి చూస్తే, ఆంకోప్లాస్టీలో అంచులు శుభ్రంగా రావడం ఎక్కువ, రెండో ఆపరేషన్ తక్కువ, క్యాన్సర్ తిరిగి రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అనుమానించేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ ఆపరేషన్లు చేసేది అనుభవమున్న సర్జన్లు, పెద్ద సెంటర్లు. అక్కడ మామూలు ఆపరేషన్లూ బాగానే జరుగుతాయి. కాబట్టి ఘనత పద్ధతిదా, చేతిదా తేల్చడం కష్టం. కోతలు పెద్దవి, కుట్లు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో, స్థూలకాయుల్లో గాయం మానడం ఆలస్యమైతే కీమోకో రేడియేషన్‌కో ఆలస్యమవుతుంది. తర్వాతి మామోగ్రాముల్లో కొవ్వు గడ్డలు, మచ్చలు కనిపించి మళ్లీ మళ్లీ బయాప్సీలు చేయాల్సి రావొచ్చు. గడ్డ చిన్నదై, మంచి చోట ఉంటే మామూలు లంపెక్టమీ సరిపోయేదానికి ఇంత హంగామా ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. చిన్న గడ్డల వరకు నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది.

సమర్థించేవాళ్లు పోలికనే మార్చమంటారు. ఆంకోప్లాస్టీని లంపెక్టమీతో కాదు, మాస్టెక్టమీతో (రొమ్ము మొత్తం తీసెయ్యడంతో) పోల్చాలన్నది వాళ్ల మాట, ఎందుకంటే అది తప్పిస్తున్నది మాస్టెక్టమీనే. అమెరికన్ సర్జన్ మెల్ సిల్వర్‌స్టీన్ ఈ వాదనను చివరిదాకా తీసుకెళ్లాడు. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డలకు, ఒకే రొమ్ములో రెండుమూడు చోట్ల ఉన్నవాటికి కూడా ఆంకోప్లాస్టీ చేసి, 2015లో దానికి ఎక్స్‌ట్రీమ్ ఆంకోప్లాస్టీ అని పేరు పెట్టాడు. ఇలాంటి రోగుల్లో చాలామందికి రొమ్ము తీసినా రేడియేషన్ ఎలాగూ తప్పదు. తీసి, ఇంప్లాంట్ పెట్టి, దాని మీద రేడియేషన్ ఇస్తే ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుని రాయిలా తయారయ్యే ప్రమాదం ఉంది. ఎలాగూ రేడియేషన్ ఇచ్చేటప్పుడు సొంత కండ మీదే ఇస్తే నష్టమేంటన్నది ఆయన ప్రశ్న. అంత పెద్ద గడ్డల్లో దీర్ఘకాలపు లెక్కలు ఇంకా చాలవన్నది ఎదుటివాళ్ల జవాబు.

ఒకే రొమ్ములో రెండుమూడు గడ్డలుంటే తీసెయ్యాల్సిందేనన్న పాత నియమం మాత్రం సడలింది. అమెరికాలో జరిగిన జెడ్-11102 అధ్యయనంలో, ఎంపిక చేసిన అలాంటి మహిళలకు రొమ్ము ఉంచి రేడియేషన్ ఇస్తే ఐదేళ్లలో అక్కడే తిరిగి వచ్చింది 3.1 శాతం మందికే. స్వీడన్‌లో సుమారు 49 వేల మంది రికార్డులు చూసి 2021లో వెలువరించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసి, రొమ్ము ఉంచి రేడియేషన్ తీసుకున్నవాళ్లే ఎక్కువకాలం బతికారని తేల్చింది. ఇది ట్రయల్ కాదు. చదువు, ఆదాయం, ఇతర జబ్బుల వంటి తేడాలను సర్దే లెక్కలు వేశారు గానీ, సర్దలేనివి కొన్ని మిగిలే ఉంటాయి. "ఉంచితే ఆయుష్షు పెరుగుతుంది" అని దీన్నిబట్టి చెప్పడం తొందరపాటు. "ఉంచితే ఆయుష్షు తగ్గుతుంది" అన్న భయానికి మాత్రం ఇది గట్టి సమాధానమే.

ఏ పద్ధతీ కుదరని సందర్భాలూ ఉన్నాయి. రొమ్మంతా ఎర్రబడి వాచే రకం క్యాన్సర్, మామోగ్రాములో రొమ్ము నిండా పరుచుకున్న చెడు సున్నపు చుక్కలు, ఎన్నిసార్లు తీసినా శుభ్రపడని అంచులు, రేడియేషన్ ఇవ్వలేని పరిస్థితి. ఛాతీకి గతంలోనే రేడియేషన్ తీసుకున్నవాళ్లు, గర్భం తొలినెలల్లో ఉన్నవాళ్లు ఈ చివరి కోవలోకి వస్తారు. ఇక్కడ ఎంత నైపుణ్యం ఉన్నా మాస్టెక్టమీయే సరైన చికిత్స, అది ఓటమి కాదు.

హైదరాబాద్ దూరం, పదిహేను సిటింగులు

2022 అంచనాల ప్రకారం దేశంలో ఆ ఏడాది సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేల మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు సగటున పదేళ్లు ముందే వస్తోంది, గడ్డ పెద్దదయ్యాకే బయటపడుతోంది. అక్కడ మామోగ్రాము స్క్రీనింగులో దొరికే చిన్న గడ్డలకు వేసిన లెక్కలను ఇక్కడ ఉన్నవున్నట్టు దించుకోలేం. పెద్ద గడ్డలు, చిన్న వయసు: కాగితం మీద ఆంకోప్లాస్టీ అవసరం మనకే ఎక్కువ.

కాగితం మీద మాత్రమే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు రావాలంటే పొలం పని, పిల్లల బడి, తోడు వచ్చే మనిషి కూలి అన్నీ లెక్కలోకొస్తాయి. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుంది గానీ పోయిన కూలి తెచ్చివ్వదు. ఇన్నాళ్లూ చాలామంది సర్జన్లు "ఈమె రేడియేషన్ పూర్తి చేయదేమో" అన్న అనుమానంతోనే రొమ్ము తీసేసేవారు. కఠినంగా వినిపించినా అది తర్కం లేని నిర్ణయం కాదు.

ఆ అనుమానం మెల్లగా తగ్గడానికి కారణం సర్జరీ కాదు, రేడియేషనే. పాత పద్ధతిలో 25 సిటింగులు. బ్రిటన్‌లో జరిగిన ట్రయల్స్ తర్వాత 15 సిటింగులు, అంటే మూడు వారాలు, చాలాచోట్ల మామూలైంది. 2020లో వచ్చిన ఫాస్ట్-ఫార్వర్డ్ అనే ట్రయల్ ఫలితాలు ఐదు సిటింగులతో ఒక్క వారంలో ముగించినా ఐదేళ్లకు తేడా లేదని చూపించాయి. ఈలోగా యంత్రాలూ కొంత దగ్గరికొచ్చాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి అందులో కొన్ని.

మిగిలింది చేతుల సమస్య. యూరప్‌లో క్యాన్సర్ తీయడం, ఆకారం మలచడం రెండూ నేర్చిన ఒకే సర్జన్ ఉండడం వాడుక. అమెరికాలో ఎక్కువగా ఇద్దరు: ఒకరు తీస్తారు, ప్లాస్టిక్ సర్జన్ సరిచేస్తారు. ఇద్దరైతే ఎవరి పనిలో వాళ్లకు పట్టు ఉంటుంది, కానీ ఇద్దరి తేదీలూ ఒకే రోజు కుదరాలి, ఇద్దరి ఫీజూ కట్టాలి. ఒక్కరే అయితే కోత గీసేటప్పుడే ఖాళీ ఎలా నింపాలో తలలో ఉంటుంది, కానీ అలాంటి శిక్షణ దొరికే చోట్లు తక్కువ. మన జిల్లా కేంద్రాల్లో రొమ్ము ఆపరేషన్లు చాలావరకు జనరల్ సర్జన్లే చేస్తారు. వాళ్లు మొదటి స్థాయి పద్ధతులు నేర్చుకోవడానికి ప్లాస్టిక్ సర్జన్ కానక్కర్లేదనే క్లఫ్ బృందం రాసింది. రెండో స్థాయికే ప్రత్యేక శిక్షణ కావాలి.

రెండో రొమ్ము సంగతి కూడా చాలామంది ముందు అడగరు. ఒకటి చిన్నదై పైకి లేస్తే ఇంకోటి పాత సైజులోనే ఉంటుంది. రెండూ సమానం చేసే ఆపరేషన్ అదే రోజు చెయ్యొచ్చు, లేదా రేడియేషన్ వల్ల వచ్చే కుంచింపు తేలేదాకా కొన్ని నెలలు ఆగి చెయ్యొచ్చు. అదే రోజైతే మత్తు ఒక్కసారే, కానీ జబ్బు లేని రొమ్ములో గాయం మానకపోతే దాని వల్ల క్యాన్సర్ చికిత్స ఆగుతుంది. ఆగి చేస్తే కొలత సరిగ్గా కుదురుతుంది, కానీ ఇంకో ఆపరేషన్, ఇంకో బిల్లు. అప్పటికి అలసిపోయి, బ్లౌజు ఒక వైపు కొంచెం లోపలికి కుట్టించుకుని, ఇక చాలనుకునేవాళ్లూ తక్కువేం కాదు.